ఏడో నంబరు కంప్యూటరులో టకటక

ప్రభుత్వానికి దేనిమీదైనా ప్రేమ పుట్టిందంటే ఆపడం బ్రహ్మతరం కాదు. ఒక ఏడు కలబంద మీద పుట్టింది, ఊరూరా కలబంద నాటించారు. ఇంకో ఏడు ఈము పక్షుల మీద పుట్టింది, ఆ పక్షులు ఇప్పుడెక్కడున్నాయో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఈసారి కంప్యూటరు ఆటల మీద పుట్టింది. పిల్లలు ఇళ్ళల్లో ఆడితే పాడైపోతున్నారు గనక, సర్కారు పర్యవేక్షణలో ఆడితే బాగుపడతారని తేల్చి, జిల్లాకొక కంప్యూటరు క్రీడా వికాస కేంద్రం తెరిచారు.

మన కథ జరిగిన జిల్లాలో ఆ కేంద్రానికి పాత మిరపకాయల గోడౌను దొరికింది. సున్నం వేశారు, ఏసీలు బిగించారు, నేలమీద ఎర్ర తివాచీ పరిచారు. ఏం చేసినా మిర్చి ఘాటు మాత్రం గోడల్ని వదల్లేదు. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ ముందు తుమ్మి, తర్వాత నమస్కారం పెట్టేవాడు.

కేంద్రానికి ఇన్‌చార్జి ఉప్పుటూరి పానకాలరావు. అంతకుముందు ఆయన మార్కెట్ యార్డులో మిరపకాయల తేమ చూసేవాడు. కంప్యూటర్లు తెలిసిన ఉద్యోగి కావాలని పైనుంచి అడిగినప్పుడు, ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని కనిపించింది ఈయన ఒక్కడే. ఏసీ గాలి అక్కడే బాగా తగులుతుందని కూర్చున్నాడు పాపం. మర్నాటికి బదిలీ ఉత్తర్వు చేతిలో పడింది. ఇంత సర్వీసులో పానకాలరావుకి ఒక్క మెమో రాలేదు. ఎవరితోనైనా కొత్తగా పరిచయమైతే పేరు చెప్పాక ఆయన చెప్పే రెండో ముక్క అదే.

ప్రారంభోత్సవానికి రాష్ట్ర క్రీడా వికాస మండలి అధ్యక్షులవారు స్వయంగా వేంచేశారు. కంప్యూటర్లంటే మామూలువి కావు. ఒక్కొక్కటీ బీరువాకి తమ్ముడంత నల్లటి పెట్టె. పక్కన అద్దం, లోపల రంగురంగుల దీపాలు, పైన గాలి పోవడానికి జల్లెడలాంటి చిల్లుల రేకు. అధ్యక్షులవారికి ఏడు కలిసొచ్చే అంకె. అందుకని ఏడో నంబరు కంప్యూటరుకి పూజ చేయించారు. బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. పంతులుగారు పళ్ళెం చాపగానే అధ్యక్షులవారు పసుపు అక్షింతలు రెండు దోసిళ్ళ నిండా ఎత్తి, ఆ చిల్లుల రేకు మీద పోశారు. పెళ్ళికూతురి నెత్తిన కూడా ఎవరూ ఒక్కసారిగా అన్ని పొయ్యరు. ఫొటోగ్రాఫరు సరిగ్గా రాలేదన్నాడు. ఇంకో దోసెడు పోశారు.

ఆ రోజుకేమీ కాలేదు. కొన్నాళ్ళకి స్టిక్కర్లు వచ్చాయి. అధ్యక్షులవారి నవ్వు ముఖం, కింద 'ఆటే బాట' అని పెద్ద అక్షరాలు. ప్రతి యంత్రానికీ అన్నిటికన్నా విశాలమైన, నునుపైన భాగం మీద అంటించాలని ఆదేశం. ఆ భాగం అద్దమే. అంటించేవాళ్ళు కంప్యూటర్లను ఒక్కొక్కటే నేలమీద పడుకోబెట్టి, అద్దం అంచులు, మరలు కూడా కప్పేలా నున్నగా అంటించి, మళ్ళీ లేపి నిలబెట్టారు. అదుగో, ఆ మధ్యాహ్నం నుంచి ఏడో నంబరులో టకటక మొదలైంది.

ఆ కంప్యూటరు మీద ఆడే పిల్ల హైమావతి. వాళ్ళమ్మ బస్టాండు దగ్గర అరటిపళ్ళ బండి నడుపుతుంది. అరటిపళ్ళు అమ్మే చేతులు ఎంత చురుకో ఈ పిల్ల వేళ్ళూ అంత చురుకు. ఆమె ఆడే ఆటలో శత్రువు కంటికి కనబడడు. గోడ అవతల అడుగుల చప్పుడు విని, ఎటు నుంచి వస్తున్నాడో పసిగట్టి కాల్చాలి. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు వేరే పద్దు కింద రావాలి, అవింకా రాలేదు. రాష్ట్ర జట్టులోకి జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటారు. వచ్చే ఏటికి హైమావతికి వయసు దాటిపోతుంది. అంటే ఉన్నది ఈ ఒక్క అవకాశమే, ఎంపిక పోటీ వచ్చే నెలలోనే.

"సారూ, లోపల ఏందో టకటకమంటంది" అంది హైమావతి వచ్చి. "కాసేపు ఆడితే చాలు, పొయ్యి మీద పెనంలా కాగిపోయి ఆగిపోతంది. ఫ్యానుకి ఏదో అడ్డం పడుతున్నట్టుంది."

పానకాలరావు వచ్చి చెవి ఆనించి విన్నాడు. నిజమే. టకటక, టకటక, మధ్యలో కాస్త ఆగి మళ్ళీ టకటక.

"నాలుగు మరలిప్పితే తేలిపోద్ది సారూ. నేనే చూస్తా."

"అమ్మా తల్లీ! నువ్వు క్రీడాకారిణివి. నీకు ఆడటం వరకే అధికారం. మరలిప్పటం సాంకేతిక పని."

"పోనీ, మీరిప్పండి."

"నాది పర్యవేక్షణ. ఎవరన్నా ఇప్పుతుంటే నేను చూడొచ్చు. ఇప్పకూడదు."

"అయితే నన్ను ఇంకో కంప్యూటరు మీద ఆడుకోనివ్వండి."

దానికీ నిబంధన ఒప్పుకోదు. ఒక క్రీడాకారిణికి ఒకే యంత్రం, వేలిముద్ర దాంతోనే ముడిపడి ఉంటుంది. పానకాలరావుకి ఆ పిల్లంటే అభిమానం. మొదట్లో ఆట ఏమిటో తెలియక బిక్కమొహం వేసుకుని చూసేవాడు గానీ, ఇప్పుడు ఆమె ఆడుతుంటే కుర్చీ లాక్కుని వెనకాల కూర్చుని, "ఎడం పక్క! ఎడం పక్క వస్తున్నాడే!" అని తనకి తెలియకుండానే కేకలు పెడుతున్నాడు. అంచేత ఆలస్యం చేయకుండా డిప్యూటీ డైరెక్టరు అంబుజవల్లి గారికి ఫోను చేశాడు.

"సదరు శబ్దం యంత్రం లోపల ఉత్పన్నమవుతున్నదా, లేక యంత్రం ద్వారా వ్యక్తమవుతున్నదా?" అని అడిగారావిడ.

"రెండిటికీ తేడా ఏందండీ మేడమ్?"

"ఉత్పన్నమైతే సాంకేతిక విభాగం. వ్యక్తమైతే ప్రజాసంబంధాల విభాగం. మూలం నిర్ధారణ కాకుండా చర్య తీసుకోవడం తొందరపాటు అవుతుంది. నిర్ధారణకు ఒక సంఘాన్ని నియమిస్తున్నాను."

వారం తిరగకుండానే శబ్దమూల నిర్ధారణ సంఘం దిగింది. సర్కారులో ఇంత వేగం ఎన్నడూ చూడలేదని పానకాలరావు సంతోషించాడు కూడా. ముగ్గురు సభ్యులు. లోపల ఉన్నది ప్రాణి అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని ఒక పశువైద్యుడు. భవనం తాలూకు ప్రకంపన కావచ్చునని ఒక ఇంజనీరు. శబ్దమన్నాక దాని స్వభావం తెలిసిన మనిషి ఉండాలని సంగీత కళాశాల నుంచి ఒక మృదంగం అధ్యాపకుడు. కంప్యూటర్లు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. నిష్పక్షపాతంగా ఉండాలని అంబుజవల్లి గారే వద్దన్నారట.

ముగ్గురూ తుమ్మారు, నమస్కారాలయ్యాయి, బజ్జీలు తిన్నారు. పశువైద్యుడు స్టెతస్కోపు తీసి కంప్యూటరు మీద నాలుగుచోట్ల పెట్టి చూశాడు.

"ప్రాణి అని చెప్పలేను. ఒకవేళ ప్రాణే అయితే మాత్రం ఆరోగ్యంగా ఉంది" అన్నాడు.

ఇంజనీరు నేలమీద మట్టం పెట్టి చూసి, గోడౌను తూర్పుకి వాలి ఉందనీ, శబ్దం ఆ వాలుకే వస్తోందనీ, గోడౌను పడగొట్టి కొత్తది కడితే తప్ప శాశ్వత పరిష్కారం ఉండదనీ చెప్పాడు. మృదంగం అధ్యాపకుడు కళ్ళు మూసుకుని, తొడమీద వేళ్ళతో లెక్క కడుతూ చాలాసేపు విన్నాడు.

"నాలుగు దెబ్బల చతురశ్ర నడకలో ఎత్తుకుని అయిదు దెబ్బల ఖండ నడకలోకి పోతోంది. అక్కడక్కడా పరుగు ఉంది. కానీ గురుముఖతః నేర్చుకోకుండా ఈ మాత్రం లయజ్ఞానం రావడం అంటే మాటలు కాదు" అన్నాడు.

హైమావతి నవ్వాపుకోలేక అటు తిరిగింది. పశువైద్యుడికి మాత్రం ఎలా తట్టిందో తట్టింది. "ఈ పక్కనంతా అద్దమే కదండీ. లోపలేముందో అందులోంచి చూస్తే పోలా?"

అందరూ అద్దం వైపు చూశారు. అద్దం మీద నుంచి అధ్యక్షులవారు అందరి వైపూ చూసి నవ్వుతున్నారు.

"ఊడదీయాల్సి వస్తుంది" అన్నాడు ఇంజనీరు మెల్లగా.

"ఎటునుంచి?" అన్నాడు మృదంగం అధ్యాపకుడు.

అక్కడ వచ్చింది చిక్కు. పైనుంచి ఊడదీస్తే ముందు తలకాయ ఊడుతుంది. అపచారం. పాదాల దగ్గర మొదలుపెడితే వినయంగా ఉంటుందని పశువైద్యుడు సూచించాడు. కానీ ఫొటో ఛాతీ వరకే ఉంది, పాదాలు లేవు. పక్కనుంచి మొదలుపెడితే చెవి. గంటసేపు చర్చించి, ఏ దిక్కు నుంచి ఊడదీయాలో తెలుపవలసిందిగా మండలిని కోరాలని తీర్మానించి, మిగిలిన బజ్జీలు కూడా తిని వెళ్ళిపోయారు.

వాళ్ళటు వెళ్ళగానే హైమావతి పానకాలరావు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సారూ, ఇంత హంగామా ఎందుకు? ఆ రోజు పెద్దాయన పోసిన అక్షింతలే. యంత్రాన్ని పడుకోబెట్టి లేపారుగా, అప్పుడు జారి ఫ్యానులో పడ్డయ్యి."

పానకాలరావు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. నిజానికి ఆయనకీ ఆ అనుమానం మొదటిరోజే వచ్చింది. వచ్చిన అనుమానాన్ని వెంటనే మింగేశాడు.

"హుష్! నోరు ముయ్యి! అధ్యక్షులవారి ఆశీర్వాదం వల్ల సర్కారు యంత్రం చెడిందని నా చేత అనిపిస్తావా? ఇంకేమన్నా ఉందా!"

"మరి నా పోటీ ఎట్టా సారూ?"

ఆ రాత్రి పానకాలరావుకి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. ఆ పిల్ల తప్పేముంది ఇందులో? నాలుగు మరలు. చేతికందే దూరంలో నాలుగు మరలు. మర్నాడు ఆఫీసుకొస్తూ దారిలో ఆగి ఒక స్క్రూడ్రైవరు కొని, చొక్కా జేబులో పెన్ను వెనక దాచుకున్నాడు. వాడే ఉద్దేశం లేదు. ఊరికే, దగ్గర ఉంటే ధైర్యంగా ఉంటుందని.

ఇంతలో కొత్త తలనొప్పి వచ్చిపడింది. పన్నెండో నంబరు కంప్యూటరు మీద ఆడే పిల్లవాడి తండ్రి ఫిర్యాదు పెట్టాడు. ఏడో నంబరు దగ్గరికే అధికారులంతా వచ్చి వింటున్నారనీ, ఆ యంత్రంలో ఉన్న టకటక తమవాడి యంత్రంలో లేదనీ, అందరూ పన్ను కట్టేవాళ్ళమేననీ, ఒక్క అమ్మాయికే ఈ ప్రత్యేక సౌకర్యం ఏమిటనీ నిలదీశాడు.

అంబుజవల్లి గారు పరుగున వచ్చారు. "క్రీడాకారుల మధ్య వివక్షను ప్రభుత్వం సహించదు పానకాలరావు గారూ. శబ్దమూలం నిర్ధారణ అయ్యేవరకూ సదరు శబ్దాన్ని అందరికీ సమానంగా వర్తింపజేయండి."

"అంటే... మిగతావాటిక్కూడా ఫ్యానులు పాడుచెయ్యమంటారా మేడమ్?"

"ప్రభుత్వ ఆస్తిని పాడుచేయమని నేనెందుకంటాను? శబ్దం మాత్రమే ఇవ్వండి."

మృదంగం అధ్యాపకుడు మళ్ళీ వచ్చి, ఏడో నంబరు టకటకను రికార్డు చేసి, పరుగున్నచోట దిద్ది, ప్రామాణిక టకటక అని ధ్రువీకరించి ఇచ్చాడు. గోడౌను నాలుగు మూలలా స్పీకర్లు పెట్టారు. పొద్దున కేంద్రం తెరవగానే టకటక మొదలయ్యేది, సాయంత్రం తాళం వేసేదాకా ఆగేది కాదు. మొదట్లో పిల్లలు చెవుల్లో దూది పెట్టుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు; టకటక లేకపోతే ఇంట్లో పిల్లలకి అన్నం సయించడంలేదని తల్లులు చెప్పుకున్నారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఈ కేంద్రంలో క్రమశిక్షణ చెవులకి వినిపిస్తోందని మెచ్చుకుని వెళ్ళాడు. ఆయన మెప్పు రాజధాని చేరింది. పక్షం తిరక్కుండా అన్ని జిల్లాల కేంద్రాల్లోనూ ప్రామాణిక టకటక విధిగా అమలు చేయాలని సర్క్యులరు వచ్చింది. మృదంగం అధ్యాపకుడికి శాలువా కప్పారు.

"శబ్దం అందరికీ ఇచ్చారు. వేడి మాత్రం నాకొక్కదానికే ఉంచారు" అంది హైమావతి. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. ఆమె కంప్యూటరు ఇప్పుడు మునుపటికన్నా తొందరగా ఆగిపోతోంది.

స్టిక్కరు గురించి మండలి నుంచి జవాబు కూడా వచ్చింది. ఎంపిక పోటీకి అధ్యక్షులవారే విచ్చేస్తున్నారు గనక, వారి ముఖాన్ని ఎటునుంచి ఊడదీయాలన్న సున్నితమైన అంశాన్ని వారి సముఖంలోనే పరిశీలించవచ్చునని రాశారు. పరిశీలించవచ్చునన్నారు గానీ ఊడదీయవచ్చునని ఎక్కడా అనలేదు.

పోటీ రోజు గోడౌనుకి తోరణాలు కట్టారు. అధ్యక్షులవారు ముందు వరసలో సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని, తుమ్మి, అందరికీ చేతులూపారు. చివరి ఆట హైమావతికీ, పన్నెండో నంబరు పిల్లవాడికీ మధ్య పడింది. వెనక వరసలో హైమావతి తల్లి, బండి ఎవరికో అప్పజెప్పి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

ఆట మొదలైంది. స్పీకర్లలో టకటక, ఏడో నంబరులో టకటక. రెండు టకటకల మధ్య శత్రువు అడుగులు వెతుక్కుంటూ హైమావతి ఎంత బాగా ఆడిందంటే, పానకాలరావు ముందు వరసలో ఎవరున్నారో మరిచిపోయి, "కుడిపక్క! మెట్ల కింద!" అని అరిచేశాడు. మెట్ల కిందే ఉన్నాడు. పడ్డాడు. ఇంకొక్క శత్రువును పడగొడితే ఆమె గెలిచినట్టే.

టక్కున తెర నల్లబడింది. ఏడో నంబరు ఆగిపోయింది.

ఆగిన ఆట అయిదు నిమిషాల్లో మొదలుపెట్టకపోతే ఓడినట్టే లెక్క. హైమావతి మీటలు నొక్కి చూసింది. పెట్టె మీద చెయ్యి వేసి చురుక్కుమనగానే తీసేసింది. తర్వాత చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పానకాలరావు వైపు చూసింది.

"మేడమ్..." అన్నాడు పానకాలరావు.

"అనుమతి ప్రక్రియలో ఉంది" అన్నారు అంబుజవల్లి గారు పెదవులు కదపకుండా.

పానకాలరావు చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పెన్ను కింద పడింది, స్క్రూడ్రైవరు చేతికొచ్చింది. గబగబా వెళ్ళి ఏడో నంబరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎటునుంచి అని ఆలోచించలేదు. చేతికి ఏ మూల దొరికితే ఆ మూల పట్టుకుని లాగాడు. దొరికింది పైమూల. చర్రుమని అధ్యక్షులవారి తలకాయ, నవ్వు, మెడ వరసగా ఊడి ఆయన చేతికి అంటుకున్నాయి. విదిలిస్తే పోలేదు. అలాగే ఉంచుకుని నాలుగు మరలూ విప్పి, అద్దం పక్కన పెట్టి, పై ఫ్యాను రెక్కల మధ్య వేలుపెట్టాడు. పచ్చటి గింజలు ఒకటీ ఒకటీ రాలాయి. వాటిని జేబులోని బస్సు టికెట్టులో పొట్లం కట్టుకుని, మీట నొక్కాడు.

దీపాలు వెలిగాయి. ఏడో నంబరులో చప్పుడు లేదు.

"సారూ, ఆ స్పీకర్లు కూడా!" అంది హైమావతి తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఎలాగూ మునిగాం, చలేమిటి అనుకున్నాడేమో, ఒక్క అంగలో వెళ్ళి స్పీకర్ల ప్లగ్గు పీకేశాడు. ఆ గోడౌనులో నిశ్శబ్దం ఎలా ఉంటుందో అందరూ చాలా రోజుల తర్వాత విన్నారు. ఆ నిశ్శబ్దంలో, ఆటలోని గోడ అవతల, రెండు మెత్తటి అడుగులు వినిపించాయి. హైమావతి చప్పుడు వచ్చిన వైపుకి తిరిగి కాల్చింది. ఆఖరివాడూ పడ్డాడు.

తల్లి కొంగు నోట్లోంచి తీసి కెవ్వున కేక పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. పానకాలరావు ఏడుస్తున్నాడో తుమ్ముతున్నాడో ఆయనకే తెలియలేదు. అధ్యక్షులవారు మాత్రం చప్పట్లు కొట్టకుండా లేచి దగ్గరికొచ్చారు.

"ఏందయ్యా ఆ పొట్లం?"

పానకాలరావు పొట్లం విప్పి చూపించాడు. పసుపు పచ్చగా అక్షింతలు. అవి ఎవరు పోసినవో ఆ గదిలో తెలియనివాడు లేడు. చప్పట్లు ఆగిపోయాయి.

అంబుజవల్లి గారు ఒక్క అడుగు ముందుకు వేశారు. "తమరి ఆశీస్సులండీ. ప్రారంభోత్సవం నాటి నుంచీ లోపలే ఉండి యంత్రాన్ని కాపాడుతూ వచ్చాయి."

అధ్యక్షులవారి ముఖం వికసించింది. "అంటే ఈ అమ్మాయి నా అక్షింతల బలంతో గెలిచిందన్నమాట!"

"అక్షరాలా తమరి బలమేనండీ."

మళ్ళీ చప్పట్లు మోగాయి. అవి సద్దుమణిగాక అధ్యక్షులవారు ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "మరి అంత మహత్తున్న అక్షింతల్ని బయటికి తీసిందెవరు?"

అందరూ పానకాలరావు వైపు తిరిగారు. ఆయన చేతికి అధ్యక్షులవారి నవ్వు ఇంకా అంటుకునే ఉంది.

మెమో మూడోనాటికల్లా వచ్చింది. అధ్యక్షులవారి ముఖాన్ని తలనుంచి ఊడదీసినందుకు, ప్రభుత్వ యంత్రం నుంచి ఆశీర్వాదాన్ని అనుమతి లేకుండా తొలగించినందుకు, అన్ని జిల్లాల్లో అమలులో ఉన్న శబ్దాన్ని దాని మూలస్థానంలోనే ధ్వంసం చేసినందుకు సంజాయిషీ అడిగారు. అది చాలక, సదరు అక్షింతలను వెంటనే యంత్రంలో యథాస్థానంలో ఉంచి ఆ సంగతి తెలియజేయాలని కూడా ఆదేశించారు. పానకాలరావు దాన్ని రెండుసార్లు చదివాడు. మెమో అంటే గుండె ఆగిపోతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఆగలేదు. ఆకలి కూడా మామూలుగానే వేస్తోంది. ఇంత చిన్న కాగితానికా నేను ఇన్నాళ్ళూ భయపడింది అని తనమీద తనకే కోపం వచ్చింది.

ఆ సాయంత్రం రాష్ట్ర శిబిరానికి బయల్దేరుతూ హైమావతి, తల్లి కేంద్రానికి వచ్చారు. తల్లి ఒక పెద్ద అరటిగెల బల్ల మీద పెట్టింది.

"వద్దమ్మా, ఎందుకివన్నీ?" అన్నాడు పానకాలరావు.

"తినండి సారూ. మీరు చేసిందానికి ఇదేం లెక్క?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

హైమావతి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. పానకాలరావు కంగారుపడ్డాడు. దీవించడానికి చేతిలో ఏమీ లేదు. చటుక్కున జేబు తడుముకుని, బస్సు టికెట్టు పొట్లం విప్పి, అందులో ఉన్న గింజలన్నీ ఆ పిల్ల నెత్తిమీద వేశాడు.

"గెలుచుకుని రా తల్లీ! ఎవడు ఏ గోడ చాటునున్నా నీకు వినపడాలి."

"అక్కడ కూడా స్పీకర్లు పెట్టే ఉంటారుగా సారూ."

"ప్లగ్గు ఎక్కడుందో ముందు చూసుకో."

వాళ్ళ ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. ఒక అరటిపండు ఒలుచుకు తిన్నాడు. తర్వాత మెమో ముందు పెట్టుకుని, దాని భాషలోనే దానికి జవాబు రాశాడు: "సదరు అక్షింతలు ప్రారంభోత్సవం నాడు పొరపాటున యంత్రంలో పడినవి. ఈ దినం వాటిని అవి పడవలసిన చోటనే పడవేయడమైనది. కావున తిరిగి యంత్రంలో ఉంచుటకు వీలుపడదని సవినయంగా మనవి."

ఒకసారి గట్టిగా తుమ్మి, కింద సంతకం పెట్టాడు.